నీటిమీది గీతలు

ఆరోగ్య విషయాల కోసం ఇక్కడికి వచ్చే పాఠకులకు ఈసారి సముద్రం గురించి చెప్పబోతున్నాను. గుండెజబ్బు ఉన్నవారు నీటిలోకి దిగేముందు ఏమి చూసుకోవాలి, సముద్రంలో దొరికే ఏ చేపను పళ్ళెంలోకి రానివ్వరాదు అన్న మాటలు మధ్యలో వస్తాయి కనుక వైద్యానికి పూర్తిగా దూరం జరిగానని మీరు అనుకోనక్కరలేదు. అయితే ఈ వ్యాసానికి మూలం ఒక పటం. ఆస్ట్రేలియా ఈశాన్య తీరాన ఉన్న గ్రేట్ బ్యారియర్ రీఫ్ సముద్ర ఉద్యానవనంలో ఎక్కడ ఏమి చేయవచ్చునో, ఏమి చేయకూడదో రంగులతో చూపే మండలాల పటం అది. ఉచితంగా ఇస్తారు. పిల్లలను చూడటానికి ఆస్ట్రేలియా వెళ్ళే తెలుగు తల్లిదండ్రులు ఇప్పుడు ఎందరో ఉన్నారు. వారిలో కొందరు ఆ పగడపు దిబ్బల దాకా వెళ్ళి, ఫోటోలు దిగి, ఆ పటాన్ని మడత విప్పకుండానే తిరిగి వస్తున్నారు. అది నాకు కాస్త బాధ కలిగించే విషయం.

ఆగస్టు నెలలో మా అమ్మాయి, అల్లుడు బ్రిస్బేన్ నుండి మమ్మల్ని కెయిర్న్స్ పట్టణానికి తీసుకువెళ్ళారు. మాతోపాటు వియ్యంకులు కూడా వచ్చారు. మా వియ్యంకుడుగారిది కాకినాడ. బ్యాంకు ఉద్యోగంలో విరమణ పొందినా, ఆయన మనసెప్పుడూ ఉప్పుటేరు గట్టుమీదే ఉంటుంది. గుండె రక్తనాళంలో ఒక స్టెంటు, చేతిలో ఒక గాలం, ఈ రెండింటితోనూ ఆయన మూడేళ్ళుగా సుఖంగా జీవిస్తున్నారు. కెయిర్న్స్‌లో దిగిన సాయంత్రమే గాలపు సామాను అమ్మే కొట్టు వెతుక్కుంటూ వెళ్ళారు. నేను తోడు వెళ్ళాను. కొట్టు యజమాని కొక్కేలూ ఎరా సంచిలో వేసి, అడగకుండానే ఆ పటాన్ని కూడా వేసి, "ముందు ఇది చూడండి" అన్నాడు.

హోటలు గదిలో మంచంమీద పటం పరిచాము. లేత నీలం, ముదురు నీలం, పసుపు, ఆకుపచ్చ, అక్కడక్కడా చిన్న గులాబీ ముక్కలు. మా వియ్యంకుడుగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఇదేమిటండీ బావగారూ, సముద్రాన్ని ప్లాట్లు వేసినట్టు కోశారు! ఈ గీతలు చేపకు తెలుసా?"

"చేపకు తెలియదు బావగారూ. తెలియవలసింది మీ గాలానికి" అన్నాను.

ఆయన నవ్వారుగాని సమాధానపడలేదు. ఆయన అభ్యంతరంలో న్యాయముంది. నీటిమీద గీసిన గీత నిలవదని మన సామెతలే చెబుతాయి. చేప ఇటునుండి అటు ఈదిపోతుంది, ప్రవాహం గుడ్లను మోసుకుపోతుంది. అటువంటి చోట, ఇటు గాలం వేయవచ్చు, అటు వేయరాదు అనడంలో అర్థమేమిటి? ఆ రాత్రి దీనిమీదనే మా సంభాషణ నడిచింది.

ముందు ఆ ఉద్యానవనం ఎంతటిదో ఊహించండి. పొడవు 2,300 కిలోమీటర్లు. విస్తీర్ణం 3,44,400 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటినీ కలిపినా ఇంత ఉండవు. అందులో మూడు వేలకు దగ్గరగా పగడపు దిబ్బలు. ఉద్యానవనం అనగానే మనకు చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర కాపలాదారు, లోపల "గడ్డిమీద నడవరాదు" అన్న పలక గుర్తుకు వస్తాయి. ఇక్కడ ప్రహరీ లేదు. జాలరులు చేపలు పడుతున్నారు, ఓడలు నడుస్తున్నాయి, ఏటా లక్షలమంది యాత్రికులు వస్తున్నారు. ఇంతటి సముద్రాన్ని మూసివేయడం ఎవరివల్లా కాదు, ఎవరూ అలా కోరలేదు కూడా. ఏ పని ఎక్కడ జరగవచ్చునో నిర్ణయించడమే మండలాల విభజన.

శస్త్రచికిత్సలలో జీవితం గడిపిన నాకు ఈ ఆలోచన కొత్తగా అనిపించలేదు. ఆపరేషన్ థియేటర్‌ను మేము మండలాలుగానే చూస్తాము. బయటి భాగంలో బంధువులు కూర్చుంటారు, వీధి చెప్పులతో తిరుగుతారు. తరువాతి భాగంలోకి బట్టలు మార్చుకుని రావాలి. అన్నిటికన్నా లోపలిది క్రిమిరహిత మండలం. అక్కడ చేతులు కడుక్కుని, గౌను, తొడుగులు ధరించినవారే రోగి దగ్గర నిలబడగలరు. నేలమీద ఒక ఎర్రగీత ఉంటుంది. సూక్ష్మక్రిమికి ఆ గీత తెలియదు. తెలిసిన మనుషులు దానిని దాటకపోవడంవల్లనే లోపలి గాయం చీము పట్టకుండా మానుతుంది. అట్లాగని ఆసుపత్రి అంతటినీ క్రిమిరహితం చేయబూనితే ఒక్క రోగికీ చికిత్స జరగదు. ఈ పోలిక చెప్పినప్పుడు మా వియ్యంకుడుగారు మొదటిసారి పటంవైపు కాస్త ఆదరంగా చూశారు.

ఇక రంగుల సంగతి. లేత నీలం సాధారణ వినియోగ మండలం. మొత్తంలో మూడోవంతుకు కొంచెం ఎక్కువ. ఇక్కడ ట్రాలు వలలతో సహా అన్నిరకాల చేపలవేటకూ, నిబంధనలకు లోబడి, చోటుంది. ముదురు నీలం నాలుగోవంతు దాటి ఉంటుంది. అక్కడ ట్రాలు వల నిషిద్ధం, ఎందుకంటే అది సముద్రపు నేలను దున్నినట్టు ఊడ్చివేస్తుంది. గాలం వేసుకోవచ్చు. పసుపు మండలం చిన్నది, నూటికి ఒకటిన్నర వంతు మాత్రమే. అక్కడ ఒక మనిషికి ఒక గాలం, ఆ గాలానికి ఒకే కొక్కెం. ఈ నియమం నాకు ఎంతగానో నచ్చింది. సరదాకు పట్టేవాడికి అది చాలు, వ్యాపారానికి చాలదు. ఆకుపచ్చ మండలంలో ఏ చేపనూ పట్టరాదు, ఏ గవ్వనూ ఏరరాదు. అయితే చూడవచ్చు, ఈదవచ్చు, బోటులో దాటి పోవచ్చు. దాటేటప్పుడు గాలాలు లోపల సర్ది ఉంచాలి. గులాబీ మండలంలోకి వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే అడుగు పెట్టరాదు. అది నూటికి ఒక వంతుకూడా లేదు. ఇవికాక పరిశోధనలకు కేటాయించిన నారింజ ముక్కలు, బోటు నడుస్తూండగా వెనుక గాలం లాగుతూ ఎగువనీటి చేపలను పట్టుకొనేందుకు మాత్రమే వీలిచ్చే ముదురాకుపచ్చ చోట్లు కొన్ని ఉన్నాయి.

ఆకుపచ్చ మండలమొక్కటే దాదాపు మన తెలంగాణ రాష్ట్రమంత ఉంటుంది. 2004 జూలై 1కి ముందు అది మొత్తంలో నూటికి అయిదు వంతులకన్నా తక్కువ. ఆనాడు ఒక్కసారిగా ముప్ఫైమూడు వంతులు చేశారు.

ఇది సుఖంగా జరిగిన పని కాదు. శాస్త్రజ్ఞులు ముందుగా సముద్రమంతటినీ డెబ్బై జీవావరణ ప్రాంతాలుగా గుర్తించారు. పగడాలున్న చోట్లే ముప్ఫై రకాలు, ఇసుకా బురదా సముద్రపు గడ్డీ ఉన్న చోట్లు నలభై రకాలు. వీటిలో ప్రతి ఒక్కదానిలోనూ కనీసం అయిదోవంతునైనా వేటలేకుండా కాపాడాలన్నది ప్రాతిపదిక. అందంగా ఉన్నవాటిని మాత్రమే ఏరుకుని కాపాడే అలవాటు మనకు ఎక్కువ. పగడాన్ని కాపాడి బురదనేలను వదిలివేయడం, గుండెను కాపాడి మూత్రపిండాలను మరచిపోవడంవంటిది. తరువాత ఆ ప్రణాళికను ప్రజలముందు పెట్టారు. 31 వేలకు పైగా వ్రాతపూర్వక అభిప్రాయాలు వచ్చాయి. చేపలవేటమీద బ్రతికేవారు కోపించారు. వారి కోపం సహజమే. గీత గీసేవాడి జీతం ఆగదు, గీతకు ఇవతల మిగిలినవాడి కూడు పోతుంది. జీవనోపాధి దెబ్బతిన్నవారికి ప్రభుత్వం చెల్లించిన మొత్తం చివరకు 20 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. సంరక్షణ ఖర్చును పేద జాలరి ఒక్కడి తలమీద వేయకపోవడం ఈ కథలో నేను అన్నిటికన్నా మెచ్చిన అంశం.

అసలీ ఉద్యానవనం పుట్టుకలోనే ఒక వైద్యుడికి ఆసక్తి కలిగించే ఘట్టముంది. 1967లో ఒక చెరకు రైతు ఎలిసన్ రీఫ్ అనే దిబ్బనుండి ఎరువు నిమిత్తం సున్నం త్రవ్వుకోవడానికి దరఖాస్తు పెట్టాడు. దిబ్బ ఎలాగూ చచ్చిపోయింది కదా అన్నది వాదన. జాన్ బస్ట్ అనే చిత్రకారుడు, జుడిత్ రైట్ అనే కవయిత్రి, లెన్ వెబ్ అనే అడవుల శాస్త్రజ్ఞుడు కలిసి ఎదిరించారు. ఈతగాళ్ళు నీటిలోకి దిగి పరిశీలించి చూస్తే ఆ దిబ్బ నిండా జీవమే. నాడి పట్టకుండా మరణ ధ్రువపత్రం వ్రాసినట్టున్న ఆ దరఖాస్తు తిరస్కృతమయింది. ఆపైన చమురు బావుల ప్రమాదం ముంచుకువచ్చింది, ఉద్యమం పెరిగింది, 1975లో ఉద్యానవన చట్టం వచ్చింది. చమురు త్రవ్వకం అక్కడ నేటికీ నిషిద్ధం.

మా వియ్యంకుడుగారి ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. "కాపాడిన చేప వాళ్ళ పచ్చరంగులోనే ఉండిపోతే, బయట గాలం వేసేవాడికేమిటి లాభం?"

దీనికి జవాబు కెప్పెల్ దీవుల దగ్గర దొరికింది. పితృత్వ నిర్ధారణకు మనం వాడే డీఎన్ఏ పరీక్షనే అక్కడి శాస్త్రజ్ఞులు చేపలకు చేశారు. వేట నిషిద్ధమైన దిబ్బలలోని పెద్దచేపలనుండి చిన్న ముక్క తీసుకున్నారు. తరువాత చుట్టుపక్కల దిబ్బలలో పుట్టిన పిల్లచేపలను పరీక్షించి తల్లిదండ్రులెవరో తేల్చారు. 2012లో ప్రకటించిన ఫలితం ఇది: అక్కడి పగడపు విస్తీర్ణంలో నిషిద్ధ భాగం నూటికి ఇరవై ఎనిమిది వంతులే, కాని ముప్ఫై కిలోమీటర్ల పరిధిలో పుట్టిన పిల్లలలో సుమారు సగం ఆ భాగంలోని పెద్దచేపల సంతానమే. అంటే బయటి గాలానికి చిక్కే చేపలలో చాలావాటికి పుట్టిల్లు ఆకుపచ్చ మండలం. పరీక్షించిన వాటిలో కోరల్ ట్రౌట్ అనే చేప ఒకటి. అది ఆడదిగా జీవితం ప్రారంభించి, పెరిగి పెద్దదయ్యాక మగదిగా మారుతుంది. పెద్దవాటినే ఏరి పట్టుకుంటూ పోతే మగచేపలకే కొరత వస్తుంది. అవి పెద్దవయ్యేదాకా బ్రతికే చోటు ఎక్కడో ఒకటి ఉండాలి కదా.

ఆయన కాసేపు మౌనంగా ఉండి, "మా దగ్గర కాలానికి గీత గీస్తారు బావగారూ, వీళ్ళు చోటుకు గీశారు, అంతేనా?" అన్నారు. సరిగా పట్టుకున్నారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటమీద నిషేధం ఉంటుంది. చేప గుడ్లు పెట్టే రోజులవి. క్వీన్స్‌లాండ్‌లో కూడా కాలపు గీత లేకపోలేదు. అక్టోబరు, నవంబరు నెలల అమావాస్యల చుట్టూ అయిదేసి రోజులు దిబ్బచేపలను పట్టరాదు. కోరల్ ట్రౌట్ వంటివి గుంపులుగా చేరి గుడ్లు పెట్టేది అప్పుడే. ఆ రెండింటిలో ఒకటి మన దీపావళి అమావాస్య అవుతుందని చెబితే ఆయన ముఖం వెలిగింది.

మరునాడు ఉదయం బయటి దిబ్బకు వెళ్ళే పెద్ద బోటు ఎక్కాము. వైద్యుడిగా నేను చెప్పవలసినది ఇక్కడ కొంత ఉంది, దయచేసి శ్రద్ధగా చదవండి. నీటిలోకి దిగేముందు ఒక ప్రశ్నపత్రం ఇస్తారు. వయసు, గుండెజబ్బు, ఉబ్బసం, మూర్ఛ, వాడే మందులు, ఇవన్నీ అడుగుతారు. మనవాళ్ళు అన్నింటికీ "లేదు" అని గబగబా గీసేస్తారు, దింపరేమోనని భయం. అలా చేయకండి. ఉన్నది ఉన్నట్టు వ్రాసినందువల్ల సాధారణంగా జరిగేది ఏమిటంటే, మిమ్మల్ని వేరు రంగు తొడుగుతో గుర్తించి, తేలడానికి సాధనమిచ్చి, ప్రత్యేకంగా కనిపెట్టి ఉంటారు. అరవై దాటినవారిని ఎలాగూ ఆ జాబితాలో చేరుస్తారు. కారణం చెబుతాను. నీటిలో మునిగినప్పుడు ఆ ఒత్తిడికి కాళ్ళలోని రక్తం ఛాతీలోకి చేరుతుంది, గుండెమీద భారం పెరుగుతుంది. గొట్టంతో ఊపిరి పీల్చడం కొత్త, కెరటం ఎదురుగా ఈదడం శ్రమ. జబ్బుగుండె ఆ నిమిషంలో లయ తప్పవచ్చు. ముఖం నీటిలో ఉంచి కదలకుండా ఉన్నవాడు చేపలను చూస్తున్నాడో, స్పృహ తప్పాడో ఒడ్డునున్నవారికి తెలియదు. మా వియ్యంకుడుగారు స్టెంటు సంగతి వ్రాశారు. వారు ఆయనకు తేలే కర్ర ఒకటి ఇచ్చి, మార్గదర్శకురాలిని ప్రక్కనే ఉంచారు. ఆయన అందరికన్నా ఎక్కువసేపు చూసి వచ్చారు.

నవంబరు నుండి మే వరకు వెళ్ళేవారు నిలువెల్లా కప్పే పలచని దుస్తులు తప్పక వేసుకోవాలి. ఇరుకాంజీ అనే జెల్లీఫిష్ వేలిగోరంత ఉంటుంది. కుట్టినప్పుడు పెద్దగా తెలియదు. అరగంట గడిచాక నడుమునొప్పి, కండరాల పీకుడు, విపరీతమైన రక్తపోటు వస్తాయి. దీని గుట్టు విప్పడానికి 1961లో జాక్ బార్న్స్ అనే కెయిర్న్స్ వైద్యుడు దానిచేత తనను, తన తొమ్మిదేళ్ళ కొడుకునూ, మరొక యువకుడినీ కుట్టించుకుని చూశాడు. ముగ్గురూ ఆసుపత్రి పాలయ్యారు, బ్రతికారు. శాస్త్రానికి మేలు జరిగిన మాట నిజమేగాని, ఆ పిల్లవాడి తల్లి ఏమన్నదో అని నాకిప్పటికీ అనిపిస్తుంది. అక్కడి తీరాలలో స్తంభాలకు వెనిగర్ సీసాలు కట్టి ఉండటం చూస్తారు. కుట్టినచోట అది ధారాళంగా పోస్తే, ఇంకా పేలని విషకణాలు నిలిచిపోతాయి. నొప్పి తగ్గించేది కాదది. వెంటనే అంబులెన్సుకు ఫోను చేయాలి.

మేము దిగిన దిబ్బ ఆకుపచ్చ మండలంలోనిది. నీటిలో ఏ రంగూ లేదు, ఏ గీతా లేదు. చేపలు మాత్రం మనిషిని చూసి చెదరలేదు. చేయంత పొడవున్న ఒక ట్రౌట్, ఎర్రటి ఒంటిమీద నీలి చుక్కలతో, మా వియ్యంకుడుగారి కళ్ళద్దాల ముందునుండి తాపీగా వెళ్ళింది. పైకి వచ్చాక ఆయన అన్న మొదటిమాట, "మూడు కిలోలు ఉంటుందండీ!" మరి కొన్నిచోట్ల పగడాలు సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి.

ఆ తెలుపు గురించి చెప్పకుండా రంగుల పటాన్ని పొగిడితే అది అర్ధసత్యం. పగడపు జీవి శరీరంలో సూక్ష్మమైన శైవలాలు కాపురముంటాయి. వెలుతురుతో ఆహారం తయారుచేసి పెట్టేవి అవే, రంగు ఇచ్చేవీ అవే. వేసవిలో నీరు మామూలు గరిష్ఠ ఉష్ణోగ్రతకన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై వారాల తరబడి అలాగే ఉంటే పగడం వాటిని వెళ్ళగొట్టి తెల్లబడుతుంది. మనకు ఒక డిగ్రీ జ్వరం రెండురోజులుంటే తట్టుకుంటాము, రెండునెలలుంటే తట్టుకోలేము. తెల్లబడిన పగడం చచ్చినట్టు కాదు; నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024, ఈ సంవత్సరాలన్నింటిలో ఆ దిబ్బలమీద విస్తారంగా ఈ తెల్లజబ్బు వచ్చింది. చివరి అంకెల మధ్య దూరం ఎలా తగ్గిందో గమనించండి. కోలుకునే వ్యవధే మిగలడంలేదు. వేడినీరు పటం చూసి ఆగదు. ఆకుపచ్చ మండలం దానిని ఆపలేదు. అయితే పగడాలను తినివేసే ముళ్ళకిరీటపు తారాచేపల దండయాత్రలు వేట నిషిద్ధమైన దిబ్బలమీద తక్కువగా జరిగినట్టు పరిశీలనలలో తేలింది. క్యాన్సరుకు మందు లేనప్పుడు కూడా రోగికి న్యుమోనియా రాకుండా చూస్తాము కదా, ఆ మాత్రం రక్షణ ఇది ఇస్తుంది.

మూడవరోజు అల్లుడు చిన్న బోటు ఒకటి అద్దెకు తీసుకున్నాడు. పసుపు మండలం లోపల ఉన్నామో లేదో ఫోనులోని పటంలో చూసుకుంటూ తీరానికి దగ్గరలో ఆగాము. సరిహద్దులను అక్షాంశ రేఖాంశాలతో నిర్ణయించడంవల్ల ఇది సులువు. ఒక మనిషి, ఒక గాలం, ఒక కొక్కెం. మా వియ్యంకుడుగారు మూడుగంటలు కూర్చుని ఒక మధ్యరకం చేపను పట్టారు. స్కేలు పెట్టి కొలిచి, కనీసపు పొడవు ఉందని నిర్ధారించుకుని ఉంచుకున్నారు. ట్రౌట్ అయితే 38 సెంటీమీటర్లకు తగ్గితే వదిలివేయాలి.

రెడ్ బాస్ అనే చేప ఒకటి చిక్కితే మాత్రం నేనే వదిలించాను. దానిని పట్టుకోవడం అక్కడ చట్టరీత్యా నిషిద్ధం. కారణం చేప సంరక్షణకన్నా మనిషి సంరక్షణ. దిబ్బలమీది ఒకరకం సూక్ష్మజీవి చేసే సిగ్వాటెరా అనే విషం చిన్నచేపలనుండి వేటచేపలలోకి చేరి పోగవుతుంది. దానికి రుచి లేదు, వాసన లేదు. పులుసు పెట్టినా, వేపినా, ఫ్రీజరులో ఉంచినా పోదు. తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనాలు, పెదవుల తిమ్మిరి, ఆపైన చల్లటి వస్తువు తాకితే కాలినట్టుండే వింత బాధ, ఒక్కొక్కసారి వారాలు, నెలలు. దిబ్బల దగ్గర పట్టిన మరీ పెద్దచేపను తినకండి. ఏ చేపనైనా తల, కాలేయం, గుడ్లు వండకండి. తలకాయ పులుసు ప్రియులకు ఈ మాట రుచించదని తెలుసు. మా వియ్యపురాలిగారికీ రుచించలేదు.

ఆయన మళ్ళీ అక్టోబరులో వస్తానంటున్నారు. టికెట్టు తీసేముందు పంచాంగంలో అమావాస్య ఏనాడో చూసుకోమన్నాను.